పవర్ హాలిడే రాకముందే: చిన్న ఫ్యాక్టరీలో స్మార్ట్ మీటర్లతో కరెంటు వాడకం తగ్గించే పద్ధతి

2022 ఏప్రిల్ 8 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే అమలు చేశారు. వారాంతపు సెలవుకు తోడు వారంలో ఇంకో రోజు మిషన్లు ఆపాలి. ఆపకుండా నడవాల్సిన ఫ్యాక్టరీలేమో రోజూ వాడే కరెంటులో సగంతోనే సరిపెట్టుకోవాలి. అంతకు పదేళ్ల ముందు, 2012లో, ఉమ్మడి రాష్ట్రం ఇంతకంటే గట్టి కోతలే చూసింది. కృష్ణా గోదావరి బేసిన్‌లోని డీ6 క్షేత్రం గ్యాస్‌ను నమ్ముకుని కట్టిన ప్లాంట్లు, 2013 మార్చి నాటికి ఆ గ్యాస్ అందక ఆగిపోయాయి. పోనీ బయట నుంచి కరెంటు కొందామంటే దక్షిణాది గ్రిడ్ అప్పటికింకా మిగతా దేశంతో ఒకే గ్రిడ్‌గా కలవలేదు. రాయచూరు–సోలాపూర్ 765 కేవీ లైను 2013 డిసెంబరు 31న ఛార్జ్ అయ్యాకే ఆ ముడి పడింది.

ఇంధన భద్రత అన్న పెద్ద మాట ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చేది ఇలాగే. దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతే. సహజ వాయువులో దాదాపు సగం బయటిదే. సొంత బొగ్గు ఉత్పత్తి 2024-25లో వంద కోట్ల టన్నులు దాటినా, ఇంకా 20 కోట్ల టన్నుల పైచిలుకు ఓడల్లో వస్తూనే ఉంది. విశాఖపట్నం భూగర్భ గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడి చమురు దాచుకోవచ్చు. మంగళూరు, పాదూరు కూడా కలిపితే 53.3 లక్షల టన్నులు. అవన్నీ నిండుగా ఉన్నా దేశానికి తొమ్మిదిన్నర రోజులే వస్తాయి. మరోవైపు 2024 మే 30న దేశంలో పీక్ డిమాండ్ 250 గిగావాట్లకు చేరింది. పరిశ్రమలు పెరిగితే ఈ అంకె ఇంకా పెరుగుతుంది, పెరగాలి కూడా. దేశంలో ఖర్చయ్యే కరెంటులో నలభై శాతం పైనే పరిశ్రమలది కాబట్టి, టన్ను సరుకుకి ఎన్ని యూనిట్లు పోతున్నాయి, ఆ యూనిట్లు ఏ గంటలో పోతున్నాయి అన్న రెండు ప్రశ్నలకు ప్రతి ఫ్యాక్టరీ దగ్గరా జవాబు ఉండాలి. రెండో ప్రశ్న మొదటిదానికంటే ముఖ్యం. మధ్యాహ్నం ఒంటిగంటకు సోలార్ దండిగా ఉన్నప్పుడు మిగిల్చిన యూనిట్, రాత్రి ఏడున్నరకు గ్రిడ్ ఊపిరి బిగపట్టి ఉన్నప్పుడు మిగిల్చిన యూనిట్ ఒకటి కావు.

కింద చెప్పే పద్ధతి 11 కేవీ హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్‌తో, 150 నుంచి 500 కేవీఏ (కరెంటు లోడు కొలత) మధ్య నడిచే ఫ్యాక్టరీలకు సరిగ్గా సరిపోతుంది. ఫౌండ్రీ, స్పిన్నింగ్ మిల్లు, ప్లాస్టిక్ మౌల్డింగ్, ఫుడ్ ప్రాసెసింగ్, కోల్డ్ స్టోరేజీ, రైస్ మిల్లు, ఏదైనా సరే.

మొదట బిల్లు చదవండి

పన్నెండు నెలల హెచ్‌టీ బిల్లులు టేబుల్ మీద పరవండి. ప్రతి బిల్లులో ఐదు అంకెలు రాసుకోండి: ఒప్పందం చేసుకున్న గరిష్ఠ డిమాండ్ అంటే సీఎండీ, ఆ నెల నమోదైన గరిష్ఠ డిమాండ్ అంటే ఆర్ఎండీ, బిల్లు వేసే కేవీఏహెచ్ యూనిట్లు, నిజంగా పనికొచ్చిన కేడబ్ల్యూహెచ్ యూనిట్లు, గంటను బట్టి ధర మారే టైమ్ ఆఫ్ డే గంటల్లో వాడిన యూనిట్లు. మన రెండు రాష్ట్రాల్లోనూ డిమాండ్ ఛార్జీ ఆర్ఎండీ మీద గానీ, సీఎండీలో 80 శాతం మీద గానీ, ఏది ఎక్కువైతే దాని మీద పడుతుంది. సీఎండీ 500 కేవీఏ ఉండి ఆర్ఎండీ ఏడాదంతా 340 దాటకపోతే, నెలనెలా 400 కేవీఏకి కడుతున్నట్టు. 60 కేవీఏ ఉత్త పుణ్యానికి పోతోంది. కేవీఏకి 475 రూపాయల లెక్కన నెలకు 28,500. ఇలాంటి చోట పొదుపు పరికరాలేవీ కొనకముందే సీఎండీ తగ్గించమని దరఖాస్తు పెట్టాలి. వాడని సీఎండీ దేశానికీ నష్టమే. డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) మీ పేరున ట్రాన్స్‌ఫార్మర్, లైను సామర్థ్యం పక్కన పెట్టి కూర్చుంటుంది, పక్కవాడికి ఇవ్వలేదు. అలాగని మరీ బిగించి తగ్గించకండి. వేసవి నెల ఆర్ఎండీ చూసి, దానిమీద పది పదిహేను శాతం వదిలిపెట్టండి. సీఎండీ దాటితే పడే పెనాల్టీ ఈ ఆదాను మింగేయొచ్చు.

ఆర్ఎండీ గురించి ఒక అపోహ అందరిలోనూ ఉంది. పెద్ద మోటారు స్టార్ట్ చేసినప్పుడు ఆరు రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి డిమాండ్ పెరిగిపోతుందని అనుకుంటారు. మీటరు కొలిచేది క్షణం కాదు, 30 నిమిషాల సగటు. కొన్ని పెద్ద కనెక్షన్లకు 15 నిమిషాలు. పది సెకన్ల స్టార్టింగ్ కరెంటు అందులో కలిసి కనిపించకుండా పోతుంది. డిమాండ్‌ను పెంచేది ఓవెన్లు, హీటర్లు, ఫర్నేసులు, చిల్లర్లు ఒకే అరగంటలో కలిసి నడవడం. 90 కిలోవాట్ల హీటర్ పది నిమిషాలు నడిస్తే ఆ అరగంట డిమాండ్‌కు 30 కిలోవాట్లు కలిసినట్టు. పొద్దున షిఫ్టు మొదలైనప్పుడు ప్రీహీటింగ్ నలభై నిమిషాల ఎడంతో చేయించండి, ఆర్ఎండీ తేడా నెల తిరిగేసరికి బిల్లులో కనిపిస్తుంది.

మీటర్లు ఎన్ని, ఎక్కడ

అన్ని మిషన్లకూ మీటరు పెట్టకండి. చాలా ఫ్యాక్టరీల్లో నాలుగైదు ఫీడర్లే ముప్పాతిక వంతు కరెంటు లాగుతాయి. మెయిన్ ఎల్‌టీ ఇన్‌కమర్‌కు (415 వోల్టుల కరెంటు ఫ్యాక్టరీలోకి వచ్చే చోటు) ఒకటి, కంప్రెసర్ రూముకు ఒకటి, చిల్లర్ లేదా కూలింగ్ టవర్ పంపులకు ఒకటి, పెద్ద ప్రాసెస్ లైన్లకు ఒక్కొక్కటి, లైటింగ్–ఏసీ ప్యానెల్‌కు ఒకటి, డీజిల్ జెన్‌సెట్‌కు తప్పనిసరిగా ఒకటి. 300 కేవీఏ ఫ్యాక్టరీకి 8 నుంచి 12 మీటర్లు చాలు. మీటరు, మూడు సీటీలు (పెద్ద కరెంటును తగ్గించి మీటరుకు అందించే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు), బాక్సు, వైరింగు అన్నీ కలిపి ఒక్కో పాయింటుకి పది వేల రూపాయలు అటూ ఇటూ అవుతుంది. డిస్కమ్ సీలు వేసిన హెచ్‌టీ మీటరింగ్ క్యూబికల్ జోలికి మాత్రం పోవద్దు. మీ మీటర్లన్నీ 415 వోల్టుల వైపే.

కొనేటప్పుడు క్లాస్ 0.5 మల్టీఫంక్షన్ మీటరు, ఆర్ఎస్-485 మోడ్‌బస్ పోర్టుతో (రీడింగులు తీగ మీద బయటికి పంపే పోర్టు) ఉన్నది తీసుకోండి. సీటీ నిష్పత్తి ఎంచుకునేటప్పుడు బ్రేకర్ సైజు చూసి కాదు, క్లాంప్ మీటరుతో కొలిచిన నిజం కరెంటు చూసి ఎంచుకోవాలి. 60 ఆంపియర్లు పారే ఫీడర్‌కు 800/5 సీటీ వేస్తే తక్కువ లోడులో రీడింగు నమ్మడానికి వీల్లేదు. అక్కడ 100/5 వేయాలి.

సీటీలు బిగించడం

స్మార్ట్ మీటరింగ్ ఎక్కడైనా చెడిందంటే సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఈ చోటునే అనుమానించాలి, కాబట్టి కాస్త నింపాదిగా చూద్దాం.

షట్‌డౌన్ తీసుకుని, లాక్ వేసి, టెస్టర్‌తో మూడు ఫేజులూ చచ్చాయని చూసుకున్నాకే పని మొదలుపెట్టాలి. సీటీ మీద పీ1 అని రాసి ఉన్న ముఖం ఇన్‌కమింగ్ వైపు, పీ2 లోడు వైపు ఉండాలి. ఎస్1, ఎస్2 తీగలు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో మీటరుకు తేవాలి. మధ్యలో షార్టింగ్ లింకులున్న టెర్మినల్ బ్లాకు వేయడం మరిచిపోవద్దు. లోడు నడుస్తుండగా సీటీ సెకండరీ తీగ ఊడిందంటే దాని కొనల మధ్య ప్రాణం తీసేంత వోల్టేజీ పుడుతుంది, సీటీ కాలిపోతుంది. రేపు మీటరు మార్చాల్సి వస్తే ముందు షార్టింగ్ లింకు బిగించి, ఆ తర్వాతే తీగ విప్పాలి. ఈ మాట ప్యానెల్ తలుపు లోపల తెలుగులో రాసి అంటించండి. రాత్రి షిఫ్టు ఎలక్ట్రీషియన్‌కు మాన్యువల్ తిరగేసే తీరిక ఉండదు.

కరెంటు ఇచ్చాక ఒక్కో ఫేజు కిలోవాట్లు విడివిడిగా చూడండి. మూడు ఫేజుల మోటారు లోడుకు మూడూ ఇంచుమించు సమానంగా, ప్లస్ గుర్తుతో ఉండాలి. ఒక్క ఫేజు మైనస్‌లో కనిపిస్తే ఆ సీటీ తిరగబడింది. అలా వదిలేస్తే ఒకటి కూడి, ఒకటి కూడి, ఒకటి తీసేసి మీటరు అసలు వాడకంలో మూడో వంతే చూపిస్తుంది. ‘ఈ లైను చాలా పొదుపుగా నడుస్తోంది’ అని అందరూ మురిసిపోతారు. ఇంకో తప్పు కనిపెట్టడం కష్టం: ఆర్ ఫేజు సీటీ, వై ఫేజు వోల్టేజీకి జతపడటం. కరెంటు సరిగ్గానే చూపిస్తుంది, వోల్టేజీ సరిగ్గానే చూపిస్తుంది, ఫేజుల పవర్ ఫ్యాక్టర్లు (లాగిన కేవీఏలో నిజంగా పనికొచ్చే కిలోవాట్ల వంతు) మాత్రం ఒకటి 0.8, ఒకటి 0.1, ఒకటి మైనస్ అన్నట్టు పిచ్చిపిచ్చిగా ఉంటాయి. ఫేజు పవర్ ఫ్యాక్టర్లు మూడూ ఒకే దగ్గర ఉన్నాయా అన్నదే దీనికి పరీక్ష. మూడో తప్పు మీటరు సెట్టింగులో 400/5 బదులు 200/5 ఉంచడం. రీడింగు సగమైపోతుంది.

చివరగా కూడిక పరీక్ష. ఒక పూర్తి రోజుకి సబ్ మీటర్ల మొత్తం, మీటరు పెట్టని చిన్న లోడుల అంచనా కలిపితే మెయిన్ మీటరుతో ఐదు శాతం లోపు తేడాతో సరిపోవాలి. సరిపోకపోతే ముందుకు పోకండి. తప్పు డేటా మీద గీసిన గ్రాఫు ఎంత అందంగా ఉంటే అంత హాని చేస్తుంది.

తీగ, గేట్‌వే, గడియారం

ఆర్ఎస్-485 తీగ ఒక మీటరు నుంచి ఇంకో మీటరుకు గొలుసులా పోవాలి. చెట్టు కొమ్మల్లా చీలిపోకూడదు. షీల్డ్ ఉన్న ట్విస్టెడ్ పెయిర్ వాడి, షీల్డ్‌ను ఒక్క చివరే ఎర్త్ చేయండి. గొలుసు రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు వేయాలి. పవర్ కేబుళ్ల ట్రేలో కలిపి లాగొద్దు. వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవు) కేబుల్ పక్కన పోయిన లైను రోజుకు వంద సార్లు తెగుతుంది. ప్రతి మీటరుకూ వేరే అడ్రసు, అన్నిటికీ ఒకే స్పీడు ఉండాలి. మామూలుగా 9600 సరిపోతుంది. తెర మీద కోట్ల యూనిట్లో, అర్థం లేని దశాంశాలో కనిపిస్తే మీటరు పాడైనట్టు కాదు. 32 బిట్ల అంకెలో రెండు ముక్కలూ తారుమారై వస్తున్నాయి, గేట్‌వేలో (మీటర్ల రీడింగులు పోగుచేసి పంపే పెట్టె) వర్డ్ ఆర్డర్, అంటే ఆ ముక్కల వరుస, మారిస్తే కుదురుకుంటుంది.

గేట్‌వేలో కనీసం వారం రోజుల డేటా లోపలే నిల్వ ఉండే సదుపాయం చూడండి. 4జీ సిగ్నల్ పోయినప్పుడు డేటాలో చిల్లు పడిందంటే సరిగ్గా మీకు కావలసిన రోజే పోయి ఉంటుంది. కంప్రెసర్‌కు నిమిషానికి ఒక రీడింగు, మిగతావాటికి 15 నిమిషాలకు ఒకటి చాలు. గడియారం డిస్కమ్ మీటరుతో కలిసి ఉండాలి. ఏడు నిమిషాలు తేడా ఉన్నా మీ అరగంటలు, వాళ్ల అరగంటలు కలవవు, ఆర్ఎండీ ఏ మిషన్ వల్ల పెరిగిందో తేలదు.

బేస్‌లైన్: వృద్ధిని పొదుపు అనుకోకుండా

ఏమీ మార్చకుండా ముందు ఎనిమిది నుంచి పన్నెండు వారాలు కొలవండి. ఎక్సెల్‌లో వారం ఉత్పత్తి అడ్డంగా, వారం యూనిట్లు నిలువుగా చుక్కలు పెట్టి గీత గీయించండి. ఉదాహరణకు 40 టన్నుల వారంలో 26,000 యూనిట్లు, 60 టన్నుల వారంలో 34,000 యూనిట్లు వచ్చాయనుకుందాం. టన్నుకి 400 యూనిట్లు, దాని కింద 10,000 యూనిట్లు స్థిరంగా పోతున్నాయి. ఒక్క టన్ను తీయకపోయినా ఆ పది వేలూ పోతాయి. లీకులు, ఖాళీగా తిరిగే మోటార్లు, ఎప్పుడూ ఆపని పంపులు, ట్రాన్స్‌ఫార్మర్ నష్టాలు అందులోనే ఉన్నాయి. వేట అక్కడ మొదలుపెట్టాలి.

ఈ గీత లేకపోతే జరిగే పొరపాటు చూడండి. 40 టన్నుల దగ్గర టన్నుకి 650 యూనిట్లు, 60 టన్నుల దగ్గర 567. ఒక్క బోల్టు కూడా మార్చకుండానే ‘13 శాతం పొదుపు’ వచ్చేసింది! ఆర్డర్లు పెరిగాయంతే. దేశం లెక్కల్లోనూ ఇదే ప్రమాదం ఉంది. జీడీపీ పెరిగినప్పుడు రూపాయి ఉత్పత్తికి పట్టే ఇంధనం తగ్గినట్టు కనిపిస్తుంది. అందులో నిజంగా యంత్రాలు మెరుగైన వాటా ఎంత, సేవా రంగం పెరిగిన వాటా ఎంత అని విడదీయకపోతే దిగుమతి బిల్లు ఎందుకు తగ్గలేదో అర్థం కాదు. ఫ్యాక్టరీలో పొదుపు లెక్క ఎప్పుడూ ఇలా ఉండాలి: ఈ వారం ఉత్పత్తికి పాత గీత ప్రకారం రావాల్సిన యూనిట్లలోంచి నిజంగా వచ్చిన యూనిట్లు తీసేయాలి. మిగిలింది కూడుకుంటూ పోతే అసలు ఆదా తెలుస్తుంది.

గాలి లీకులు

మొదటి నెలలో డబ్బు పెద్దగా పెట్టకుండా ఫలితం ఇచ్చేది కంప్రెస్డ్ ఎయిర్. 7 బార్ దగ్గర 3 మిల్లీమీటర్ల రంధ్రం నుంచి నిమిషానికి 20 ఘనపుటడుగుల పైచిలుకు గాలి పోతుంది. దానికి కంప్రెసర్ దగ్గర దాదాపు 4 కిలోవాట్లు ఖర్చు. ఏడాదికి 6,000 గంటలు నడిస్తే 24,000 యూనిట్లు ఒక్క రంధ్రం పాలు.

పరీక్షకు ఆదివారం కావాలి. మిషన్లన్నీ ఆపి, గాలి లైన్ల వాల్వులు మాత్రం తెరిచే ఉంచి కంప్రెసర్ నడపండి. లోడులో (గాలి కొడుతూ) ఉన్న సెకన్లు, అన్‌లోడులో (గాలి కొట్టకుండా తిరుగుతూ) ఉన్న సెకన్లు ఐదు చుట్లు రాసుకుని సగటు తీయండి. లోడు సమయాన్ని రెండింటి మొత్తంతో భాగిస్తే లీకు శాతం వస్తుంది. 170 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు), 30 కిలోవాట్ల కంప్రెసర్ 60 సెకన్లు లోడు, 120 సెకన్లు అన్‌లోడు చూపిస్తే లీకు మూడో వంతు, అంటే 57 సీఎఫ్ఎం. పది కిలోవాట్లు అలా గాల్లో కలిసిపోతున్నాయి. పది శాతం లోపుకి తేవడం సాధ్యమే. వీఎఫ్‌డీ ఉన్న కంప్రెసర్‌లో ఈ లోడు–అన్‌లోడు చప్పుడు ఉండదు, లీకు దాక్కుంటుంది. అక్కడ మిషన్లు ఆపినప్పుడు కంప్రెసర్ ఎంత స్పీడులో తిరుగుతోందో, ఎన్ని కిలోవాట్లు తీసుకుంటోందో చూడాలి.

ఆ నిశ్శబ్దంలోనే సబ్బు నీళ్ల సీసా, సుద్దముక్క పట్టుకుని లైను వెంట నడవండి. ఎఫ్ఆర్ఎల్ (గాలి ఫిల్టర్–రెగ్యులేటర్–లూబ్రికేటర్) గిన్నెల కింద, క్విక్ కప్లర్ల దగ్గర, పీయూ (పాలీయురెథేన్) ట్యూబు గుచ్చే ఫిట్టింగుల్లో, ఆటో డ్రెయిన్ వాల్వుల్లో, హోస్ క్లిప్పుల దగ్గర బుడగలు లేస్తాయి. పీయూ ట్యూబును బ్లేడుతో వంకరగా కోసి గుచ్చితే లోపలి రింగు సరిగా పట్టుకోదు, చాలా లీకులకు కారణం ఇదే. ట్యూబ్ కట్టర్‌తో నిటారుగా కోసి మళ్లీ గుచ్చితే ఆగిపోతుంది. లీకులు మూసిన వెంటనే ప్రెషర్ సెట్టింగు తగ్గించండి. 7.5 నుంచి 6.5 బార్‌కు దించితే కరెంటు ఆరేడు శాతం తగ్గుతుంది. దించకపోతే మిగిలిన రంధ్రాల్లోంచి అదే ప్రెషర్‌తో గాలి పోతూనే ఉంటుంది. ఇక నుంచి కాపలా మీటరుదే: సెలవు రోజు రాత్రి ఒంటిగంటకు కంప్రెసర్ ఫీడర్ రీడింగు పెరుగుతూ ఉంటే లీకులు మళ్లీ మొదలైనట్టు.

ఫ్యాన్లు, పంపులు, మోటార్లు

డ్యాంపర్ (గాలి దారిని మూసే తలుపు) సగం మూసి నడుపుతున్న ఫ్యాన్, వాల్వు బిగించి నడుపుతున్న పంపు వీఎఫ్‌డీకి సరైన చోట్లు. స్పీడు 80 శాతానికి దిగితే పవరు 51 శాతానికి దిగుతుంది. అయితే లెక్క ఎక్కడ నుంచి మొదలుపెడుతున్నారో చూసుకోవాలి. డ్యాంపర్ మూసి ఉన్నప్పుడు ఫ్యాన్ ఇప్పటికే కాస్త తక్కువే లాగుతోంది. పూర్తిగా తెరిస్తే 22 కిలోవాట్లు, సగం మూస్తే 18 కిలోవాట్లు లాగే ఫ్యాన్‌ను, డ్యాంపర్ తెరిచి 40 హెర్ట్జ్ మీద నడిపితే డ్రైవు నష్టంతో కలిపి 12 వస్తుంది. ఆదా 6 కిలోవాట్లు, 10 కాదు. అమ్మేవాళ్లు చూపించే లెక్కలో ఈ తేడా తరచూ కనిపించదు. ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎత్తిపోసే పంపుకు ఈ సూత్రం అసలు వర్తించదు. ఎత్తు మారదు కాబట్టి స్పీడు ఒక హద్దు దాటి తగ్గిస్తే నీళ్లే పైకి రావు. ఎప్పుడూ పూర్తి లోడు మీదే నడిచే మోటారుకు వీఎఫ్‌డీ పెడితే రెండు మూడు శాతం అదనపు నష్టమే తప్ప లాభం లేదు.

డ్రైవులు చచ్చేది ఎక్కువగా దుమ్ము, వేడి వల్ల. పత్తి, ఊక, గ్రానైట్ పొడి ఎగిరే చోట ప్యానెల్ ఫిల్టర్లు వారానికోసారి దులపాలి. 50 మీటర్లకు మించి కేబుల్ ఉంటే అవుట్‌పుట్ వైపు డీవీ/డీటీ ఫిల్టర్ (వోల్టేజీ ఒక్కసారిగా ఎగరకుండా ఆపేది) వేయండి, లేదంటే పాత మోటారు వైండింగ్ ఇన్సులేషన్ తట్టుకోదు.

కాలిపోయిన మోటారును నాలుగోసారి రీవైండింగ్‌కు పంపే ముందు ఐఈ3 (ఎక్కువ సామర్థ్యం తరగతి) మోటారు ధర అడగండి. 15 కిలోవాట్ల నాలుగు పోల్ మోటారు సామర్థ్యం ఐఈ1లో 88.7 శాతం, ఐఈ3లో 92.1. ముప్పాతిక లోడు మీద ఏడాదికి 6,000 గంటలు నడిస్తే దాదాపు 2,800 యూనిట్ల తేడా. ఒక జాగ్రత్త. ఐఈ3 మోటారు స్లిప్ (లోడు మీద వేగం పడిపోయే మోతాదు) తక్కువ కాబట్టి కాస్త వేగంగా తిరుగుతుంది. ఫ్యాన్ మీద ఆ కాస్త వేగమే పవరును పెంచి ఆదాను తినేస్తుంది. బెల్టు ఉంటే పుల్లీ సైజు సరిచేయండి.

కెపాసిటర్లు

కేవీఏహెచ్ బిల్లింగులో పవర్ ఫ్యాక్టర్ ఎంత తగ్గితే యూనిట్లు అంత పెరుగుతాయి. 200 కిలోవాట్ల లోడును 0.85 నుంచి 0.98కి తేవడానికి 83 కేవీఏఆర్ (కెపాసిటర్ సామర్థ్యం కొలత) కావాలి. వీఎఫ్‌డీలు పెరిగాక మామూలు కెపాసిటర్లు ఉబ్బిపోవడం, పేలడం మొదలవుతుంది. వీఎఫ్‌డీలు పుట్టించే ఐదో హార్మోనిక్ (మామూలు 50 హెర్ట్జ్‌కు ఐదు రెట్ల ఫ్రీక్వెన్సీలో పుట్టే అనవసర కరెంటు) 250 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. కెపాసిటర్, ట్రాన్స్‌ఫార్మర్ కలిసి ఆ చుట్టుపక్కలే రెజొనెన్స్‌లో (ఆ కరెంటు ఎన్నో రెట్లు పెరిగే స్థితి) పడొచ్చు. 7 శాతం డీట్యూన్డ్ రియాక్టర్ (కెపాసిటర్‌కు వరుసలో కలిపే కాయిల్) వేస్తే ట్యూనింగ్ 189 హెర్ట్జ్‌కు దిగి ఆ గండం తప్పుతుంది. రియాక్టర్‌తో కెపాసిటర్ మీద వోల్టేజీ 446 దాకా పెరుగుతుంది కాబట్టి 480 వోల్టులవి లేదా అంతకు మించినవి తీసుకోండి. ఆరోగ్యం చూడటానికి క్లాంప్ మీటరు చాలు. రియాక్టర్ లేని 440 వోల్టుల, 25 కేవీఏఆర్ కెపాసిటర్ 415 వోల్టుల మీద 31 ఆంపియర్లు తీసుకోవాలి. 25 కంటే తక్కువ చూపిస్తే అది అయిపోయింది. 40 చూపిస్తే హార్మోనిక్స్ దాన్ని తినేస్తున్నాయి.

గంట మార్చడం

గ్రిడ్‌కు నిజంగా భుజం పట్టేది ఈ పని. 2023లో సవరించిన కేంద్ర వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం 10 కిలోవాట్లు దాటిన పారిశ్రామిక, వాణిజ్య కనెక్షన్లకు 2024 ఏప్రిల్ 1 నుంచి టైమ్ ఆఫ్ డే టారిఫ్ రావాలి. సోలార్ గంటల్లో ధర కనీసం 20 శాతం తక్కువ, పీక్‌లో మామూలు ధరకు కనీసం 1.2 రెట్లు. ఏయే గంటలన్నది మీ రాష్ట్ర ఈఆర్‌సీ (విద్యుత్ నియంత్రణ మండలి) ఆర్డరులో ఉంటుంది.

లోడుల జాబితాను మూడు ముక్కలు చేయండి: కదిలించలేనివి, అరగంట ఆపగలిగినవి, రోజులో ఎప్పుడైనా నడపగలిగినవి. సంపు నుంచి ట్యాంకుకు నీళ్లు ఎక్కించడం, బాల్ మిల్లు, స్క్రాప్ గ్రైండర్, ఫోర్క్‌లిఫ్ట్ బ్యాటరీ ఛార్జింగ్ మూడో ముక్కలోకి వస్తాయి. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లాంటివైతే గోడౌనే ఒక పెద్ద బ్యాటరీ. మధ్యాహ్నం మామూలు సెట్ పాయింటు కంటే ఒక డిగ్రీ కిందికి చల్లబరిచి, సాయంత్రం పీక్‌లో కంప్రెసర్లు ఆపొచ్చు. మొదట ఒక గంట ఆపి చూడండి. గదిలో నాలుగు మూలలా, పైవరస బస్తాల దగ్గర లాగర్లు పెట్టి ఉష్ణోగ్రత ఎంత పెరిగిందో గమనించి, తర్వాత రెండు గంటలకు పోండి. కొత్త సరుకు ఎక్కించే రోజుల్లో ఈ పని చేయకూడదు. బస్తాల్లోని వేడి అప్పుడింకా బయటికి వస్తూ ఉంటుంది. పీక్ అయిపోగానే కంప్రెసర్లన్నీ ఒక్కసారి ఎక్కితే కొత్త ఆర్ఎండీ పుడుతుంది. పావుగంట ఎడంతో ఒక్కొక్కటి ఎక్కించండి.

ఆదా చేసిన యూనిట్ల వెనక బొగ్గు ఎంతో తెలుసుకోవాలంటే యూనిట్‌కు సుమారు 700 గ్రాములు పట్టుకోండి. ఏడాదికి లక్ష యూనిట్లు తగ్గిస్తే 70 టన్నులు, దారి నష్టాలు కలిపితే ఇంకా ఎక్కువ. ఒక రైలు వ్యాగన్ బొగ్గు కదలనక్కర లేదు.

జెన్‌సెట్ లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. లీటరు డీజిల్‌కు మూడున్నర యూనిట్లు రావాలి. మీటరు మూడు కంటే తక్కువ చూపిస్తే లోడు మరీ తక్కువగా ఉందో, ఇంజెక్టర్లు పోయాయో చూడాలి. కరెంటు పోగానే అన్ని మిషన్లూ జెన్‌సెట్ మీదికి ఎక్కకుండా, ముందే రాసుకున్న వరుసలో పీఎల్‌సీతో (మిషన్లను తనంతట తానే నడిపే కంట్రోలర్) ఒక్కొక్కటి ఎక్కించండి. ఇక్కడ మిగిల్చిన ప్రతి లీటరూ చాలావరకు దిగుమతి చమురే.

నెట్‌వర్క్ తెచ్చే కొత్త ముప్పు

2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో హ్యాకర్లు డిస్ట్రిబ్యూషన్ కంపెనీల కంట్రోల్ కంప్యూటర్లలోకి దూరి, దూరం నుంచే బ్రేకర్లు తెరిచారు. రెండు లక్షల పైచిలుకు కనెక్షన్లకు కరెంటు పోయింది. సిబ్బంది సబ్‌స్టేషన్లకు వెళ్లి చేత్తో బ్రేకర్లు వేసి కొన్ని గంటల్లో సరఫరా తెచ్చారు. ఇంధన భద్రత కోసం పెట్టిన స్మార్ట్ పరికరమే దానికి చిల్లు కాకూడదు.

మీటర్ల నెట్‌వర్క్‌ను ఆఫీసు వైఫై నుంచి వేరు చేయండి. గేట్‌వే బయటికి డేటా పంపాలే గానీ, బయట నుంచి లోపలికి ఎవరూ వచ్చే పోర్టు తెరిచి ఉండకూడదు. కొన్నప్పుడు వచ్చిన పాస్‌వర్డు మొదటి రోజే మార్చండి. వీఎఫ్‌డీ, పీఎల్‌సీల నుంచి నెట్‌వర్క్ మీద రీడింగు తీసుకునే అనుమతి చాలు, వాటిని ఆపే అనుమతి ఇవ్వొద్దు. వెండర్‌కు రిమోట్ యాక్సెస్ అవసరమైతే ఆ గంట వరకే ఇచ్చి, అయిపోగానే సిమ్ తీసేయండి. ఏదైనా చొరబాటు జరిగితే 2022 ఆదేశాల ప్రకారం 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు (సైబర్ దాడులను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) తెలపాలి. ప్రతి ముఖ్యమైన మిషన్ ప్యానెల్ మీద ఆటో–మాన్యువల్ సెలెక్టర్ స్విచ్ ఉంచండి. మూడు నెలలకోసారి గేట్‌వే పవరు తీసేసి, ఒక షిఫ్టు మొత్తం మాన్యువల్‌లో నడిపించి చూడండి. ఏ మిషన్ ఆగిపోతే ఆ వైరింగు అదే రోజు సరిచేయించండి.